మూడు పదవులును ఒక్క ప్రభువును

ధ్యానమునకు: యెషయా 33:20–22, 1 రాజులు 21:1–20



ఈ నెల ధ్యానమునకు యెషయా గ్రంథము ముప్పది మూడవ అధ్యాయములోని యొక చిన్న వచనమును తీసికొంటిమి. 22వ వచనమున ప్రవక్త దేవునికి మూడు పదవులు చెప్పుచున్నాడు. మనకు తీర్పు తీర్చువాడు ఆయనే. మనకు చట్టము నిచ్చువాడు ఆయనే. మనలను ఏలువాడు ఆయనే. ఈ మూడును చెప్పిన పిమ్మట, అట్టివాడే మనలను రక్షించునని ముగించుచున్నాడు.

చట్టము చేయుట యొక పని. ఆ చట్టము చొప్పున పరిపాలించుట రెండవ పని. ఎవడు చట్టమును మీరెనో విచారించి తీర్పు చెప్పుట మూడవ పని. ఏ దేశమునకైనను ఈ మూడు పనులు తప్పవు. అయితే వాటిని ఎవరి చేతిలో పెట్టవలెను? దేవుని విషయములో ప్రవక్త సంకోచింపక మూడును ఆయన చేతిలోనే పెట్టి, అందునుబట్టి సంతోషించుచున్నాడు. అదే మూడు ఒక్క మనుష్యుని చేతిలో పడినయెడల ఏమగును? దానికి జవాబు నాబోతు కథలో నున్నది.

యెజ్రెయేలులో నాబోతునకు ఒక ద్రాక్షతోట యుండెను. అది రాజనగరుకు ఆనుకొని యుండుటచేత, అహాబు రాజు దానిని కూరతోటగా చేసికొన గోరెను. బదులు మంచి తోట నిచ్చెదననెను, లేదా వెల యిచ్చెదననెను. నాబోతు పిత్రార్జితమును విడువనని చెప్పెను. దేవుని ధర్మశాస్త్రము అతని పక్షముగా నుండెను. రాజు ఆ మాట విని, అన్నము మాని మంచముమీద పండుకొనెను. అంతవరకు చట్టము నాబోతును కాపాడెను.

తరువాత జరిగినది చూడుడి. యెజెబెలు రాజు పేరట తాకీదులు వ్రాసి, రాజముద్ర వేసి, ఆ పట్టణపు పెద్దలకు పంపెను. ఆ పెద్దలే న్యాయము తీర్చవలసినవారు. వారు తాకీదు చదివి, ఉపవాసదినము చాటించి, ఇద్దరు పనికిమాలినవారిని సాక్షులుగా నిలువబెట్టి, నాబోతును రాళ్లతో కొట్టించిరి. సభ కూడెను, సాక్షులు పలికిరి, తీర్పు జరిగెను. పైకి చూచువారికి అంతయు చట్టప్రకారమే జరిగినట్లుండెను. కాని ఫిర్యాదు రాజుది, సాక్ష్యము రాజుది, తీర్పు రాజుది, తుదకు తోటయు రాజుదే. నాబోతు మొఱపెట్టుకొనుటకు ఆ పట్టణములో మరియొక వాకిలి లేకపోయెను.

అహాబు దుష్టుడు గనుక అట్లు చేసెను, మంచి రాజైతే చేయడు, అని మీరనవచ్చును. అయితే ఉజ్జియా సంగతి చదువుడి (2 దినవృత్తాంతములు 26). అతడు మంచి రాజు. బావులు త్రవ్వించెను, సేద్యమును ప్రేమించెను, పట్టణమునకు బురుజులు కట్టించెను. బలము కలిగిన తరువాత అతని మనస్సు ఉబ్బెను. యాజకుల పనిగూడ తానే చేయుదునని ధూపార్తి చేతబట్టుకొని దేవాలయములో ప్రవేశించెను. అజర్యా యను యాజకుడును అతనితోకూడ ఎనుబదిమందియు రాజునకు అడ్డము నిలిచి, ఇది నీ పని కాదని ధైర్యముగా చెప్పిరి. కుష్ఠరోగియైన ఆ రాజు మరణదినమువరకు ప్రత్యేకముగా నివసింపవలసి వచ్చెను. దుష్టునికి మాత్రమే కాదు, మంచివానికిని హద్దు అవసరము. అందుచేతనే ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో, రాజైనవాడు ధర్మశాస్త్రమునకు ప్రతి వ్రాసికొని దినదినము చదువవలెననియు, తన సహోదరులకంటె తాను ఎక్కువవాడనని అనుకొనరాదనియు ఆజ్ఞ కలదు. ఇశ్రాయేలులో రాజుకూడ చట్టము క్రిందివాడే.

ఇది యూదుల నాటి మాట మాత్రమే కాదు. మద్రాసు రాజధానిలోనుండిన ఆంధ్ర జిల్లాలలో గ్రామ మునసబు ఎట్లుండెనో మన పెద్దలు చెప్పుదురు. శిస్తు వసూలు అతనిదే. గ్రామములో పోలీసు పని అతనిదే. చిన్న చిన్న వ్యాజ్యెములు విని తీర్పు చెప్పుటయు అతనిదే. ఆ పదవి తండ్రి తరువాత కుమారునికి వచ్చెడిది. మునసబులలో న్యాయవంతులు లేకపోలేదు. కాని మునసబుమీద ఫిర్యాదు చేయవలసిన కూలివాడు ఏ గుమ్మమునకు పోవలెను? గుంటూరు జిల్లాలోని యొక గ్రామ మునసబు పదవినిగూర్చి వచ్చిన వ్యాజ్యెములో, వంశము చూచి సర్కారు ఉద్యోగ మిచ్చుట చెల్లదని 1960లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ గ్రామోద్యోగములనే రద్దు చేసెను.

మన దేశపు రాజ్యాంగము 1949 నవంబరు 26న ఆమోదింపబడి, 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. దానిని వ్రాసినవారు ఈ మూడు పనులను మూడు చోట్ల పెట్టిరి. చట్టము చేయుట పార్లమెంటు పని. రాష్ట్రములలో అది శాసనసభల పని. పరిపాలన రాష్ట్రపతి పేరట జరుగును. అయితే దానిని నడిపించునది ప్రధానమంత్రియు మంత్రివర్గమును. తీర్పు చెప్పుట సుప్రీం కోర్టు, హైకోర్టులు, వాటి క్రింది కోర్టుల పని. న్యాయశాఖను పరిపాలనాశాఖనుండి వేరుచేయుటకు ప్రభుత్వము పూనుకొనవలెనని 50వ అధికరణము చెప్పుచున్నది. క్రొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టము 1974 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చినప్పుడు, నేరములు విచారించు మేజిస్ట్రేటులు దేశములో అధికభాగమున హైకోర్టుల క్రిందికి వచ్చిరి.

చట్టసభకును మంత్రివర్గమునకును నడుమ గోడ మాత్రము మన దేశములో అంత ఎత్తైనది కాదు. మంత్రులు సభలో సభ్యులైయుండవలెను, లేదా ఆరు నెలలలో సభ్యులు కావలెను. వారందరు కలిసి లోక్‌సభకు ఉత్తరవాదులు. లోక్‌సభకు వారియందు విశ్వాసము లేనియెడల వారు దిగిపోవలసినదే. చట్టము లేక పన్ను వేయరాదు. సర్కారు ఖజానానుండి డబ్బు తీయవలెనన్నను చట్టసభ ఒప్పుకొనవలెను. సభలు కూడని కాలములో అత్యవసరమైనచో ఆర్డినెన్సు చేయవచ్చును గాని, సభలు తిరిగి కూడిన ఆరు వారములకు అది దానంతటది ముగియును. సభ చేసిన చట్టమైనను ప్రజల ప్రాథమిక హక్కులను హరించునదైతే కోర్టు దానిని కొట్టివేయవచ్చును. ఆ తీర్పు నచ్చలేదని యే మంత్రియు సుప్రీం కోర్టు న్యాయమూర్తిని తీసివేయలేడు. ఋజువైన దుష్ప్రవర్తననుబట్టిగాని అశక్తతనుబట్టిగాని, పార్లమెంటు ఉభయసభలును ప్రత్యేకమైన ఆధిక్యముతో కోరినప్పుడే రాష్ట్రపతి అతనిని తొలగించును. న్యాయమూర్తులును సభలోని కార్యక్రమము క్రమము తప్పెనని సభను విచారింపరాదు. ఈలాగున ఒకనికి మరియొకడు హద్దుగా నుండునట్లు ఏర్పాటు చేసిరి.

ఇవి ఢిల్లీలోని పెద్దల సంగతులు, పల్లెలోని మనకేమి పని, అని యెవరైన ననుకొనవచ్చును. అట్టివారు కేరళలో 1985లో జరిగిన యొక సంగతి వినవలెను. ఒక కుటుంబములోని ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతము పాడునప్పుడు మర్యాదగా లేచి నిలుచుండిరి గాని పాడలేదు. వారు యెహోవా సాక్షులను శాఖకు చెందినవారు. వారి బోధ మన బోధ కాదు. మనము జాతీయగీతమును సంతోషముగా పాడుచున్నాము. అయినను ఆ పిల్లలు అల్లరివారు కారు. రాష్ట్ర శాసనసభలో ఈ సంగతి ప్రస్తావనకు వచ్చెను. విచారణ సంఘము ఏర్పడి, పిల్లలు చట్టమునకు లోబడువారే, గీతమునకు అగౌరవము చేయలేదని చెప్పెను. అయినప్పటికిని విద్యాశాఖ అధికారి యుత్తరువునుబట్టి జూలై 26న వారిని బడినుండి వెళ్లగొట్టిరి. తండ్రి హైకోర్టుకు పోయెను, అక్కడ ఓడిపోయెను. సుప్రీం కోర్టుకు పోయెను. 1986 ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తులు పిల్లలను తిరిగి బడిలో చేర్చుకొనవలెనని తీర్పు చెప్పిరి. తీర్పు వ్రాసినవారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, మునుపు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన న్యాయమూర్తి.

ఆ తీర్పులోని యొక ముఖ్యాంశమును గమనించుడి. పాడితీరవలెనని చట్టసభ చేసిన చట్టము ఏదియు లేదు. ఉన్నవి విద్యాశాఖవారి సర్క్యులర్లు మాత్రమే. ఒక పౌరుని మనస్సాక్షికిని మాటకును హద్దు పెట్టవలెనన్నచో దానికి చట్టము కావలెను గాని, శాఖాధికారి సర్క్యులరు చాలదని కోర్టు చెప్పెను. అనగా, అమలుచేయువాడు తానే చట్టము చేయరాదు. పిల్లల తండ్రికి మరియొక గుమ్మము కలిగియుండెను. నాబోతునకు లేనిది అదియే.

అయితే సహోదరులారా, గోడ కట్టుట వేరు, గోడకు కావలి యుండుట వేరు. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఆనాటి ప్రధానమంత్రి ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పెను. జూన్ 25న దేశములో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. విచారణ లేకుండ అనేకులు చెరసాలలో వేయబడిరి. ఆగస్టులో పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, ఆ యెన్నిక చెల్లునని తానే తీర్పరియైనట్లు వ్రాసెను. నవంబరు 7న సుప్రీం కోర్టు ఎన్నికల చట్టమునకు క్రొత్తగా చేసిన మార్పులనుబట్టి ఎన్నికను నిలిపెను గాని, సవరణలోని ఆ భాగమును మాత్రము కొట్టివేసెను. అదే కోర్టు 1976 ఏప్రిలు 28న తానే తడబడెను. చెరలో నున్నవాడు తన్ను విడిపింపుమని కోర్టునడుగుటకు ఆ కాలములో హక్కు లేదని నలుగురు న్యాయమూర్తులు పలికిరి. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదనిరి. 1977 జనవరిలో ఆయనను దాటి, ఆయనకంటె వెనుకటివారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించిరి. ఆయన రాజీనామా చేసిరి. ఆ మార్చిలో ప్రజలు వోటు వేసి ప్రభుత్వమును మార్చిరి. 1978లో చేసిన 44వ సవరణ, అత్యవసర కాలమందైనను జీవించు హక్కును కోర్టులో అడుగుకొను దారి మూయరాదని చెప్పెను. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చున్న సుప్రీం కోర్టు 1976 నాటి ఆ తీర్పు తప్పని ప్రకటించెను.

దీనిలో మనకు రెండు పాఠములున్నవి. అధికారములను విభజించుట మనుష్యుడు పాపియని యెరిగి చేసిన ఏర్పాటు. ఆ విభజనకు కావలి కాయువారును పాపులే గనుక ఆ యేర్పాటును రక్షకుడు కాదు. అజర్యావలె ఇది నీ పని కాదని చెప్పగల మనుష్యులు లేనియెడల రాజ్యాంగము కాగితమే.

ఇంతవరకు రాజులనుగూర్చి చెప్పితిమి. ఇక మమ్మునుగూర్చి చెప్పవలెను. లేనియెడల ఈ వ్రాత వేషధారణ యగును.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో, ఏటి చందా చెల్లింపనివారు ప్రభువు బల్లకు రాకూడదని యొక కట్టడ చేసితిమి. చేసినది మేమే. సంఘ పెద్దలు తల ఊపిరి. చందా పుస్తకము మా యింట నుండెను, వ్రాసినది మేమే. కోతపండుగ తరువాత చెల్లింపనివారి పేర్లు చదివినదియు మేమే. వారిలో కూలిపని చేసికొను ఒక వృద్ధ విధవరాలు ఉండెను. ఆమె ఆరాధన పిమ్మట వచ్చి, "అయ్యగారూ, నేను ఇచ్చితినండీ" అనెను. మేము పుస్తకము తెరచి చూచితిమి, పేరు లేదు. "పుస్తకములో లేదమ్మా, పుస్తకము అబద్ధమాడదు" అంటిమి. ఆమె మారుమాట లేక వెళ్లిపోయెను. సంస్కారమిచ్చిన మూడు ఆదివారములు ఆమె గుమ్మము దగ్గర చాపమీద కూర్చుండి, పళ్లెము తన్ను దాటిపోవుట చూచెను.

మరుసటి వేసవిలో పాత కాగితములు సర్దుచుండగా, ఒక పెండ్లి శుభలేఖ వెనుక మా చేతివ్రాతతో ఆమె పేరును, ఇచ్చిన మొత్తమును కనబడెను. ఆమె దారిలో ఎదురై చందా ఇచ్చినప్పుడు, ఇంటికి పోయి పుస్తకములో ఎక్కింతమని చీటీమీద వ్రాసికొని మరచితిమి. ఆ సాయంకాలమే ఆమె యింటికి పోయి, చీటీ చూపి, క్షమింపుమని వేడుకొంటిమి. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, "చీటీ దొరికినందుకు దేవునికి స్తోత్రమండీ అయ్యగారూ. దొరకకపోతే నేనెవరితో చెప్పుకొందును?" అనెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. చట్టము చేసినవారము మేమే. అమలుపరచినవారము మేమే. తీర్పు చెప్పినవారము మేమే. నాబోతు తోటమీద మాకు ఆశ లేకపోవచ్చును. ఆమె డబ్బులో ఒక పైసాయు మేము తినలేదు. అయినను ఆమె నిలిచిన చోటు నాబోతు నిలిచిన చోటే. సెమినరీలో మూడేండ్లు అహాబునుగూర్చి చదివితిమి గాని, అతని కుర్చీలో మేమును కూర్చుండగలమని ఆ సాయంకాలమువరకు తెలిసికొనలేదు.

తరువాతి ఆదివారమున సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొంటిమి. ఇప్పుడు కట్టడలు సంఘ సభలో అందరు కూడి చేయుదురు. చందా కోశాధికారి పుచ్చుకొని అక్కడనే రసీదు ఇచ్చును. ఎవరిమీదనైన నేరము వచ్చినయెడల ముగ్గురు పెద్దలు వారి మాట విని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు న్యాయము కాదని తోచినవారు పై కమిటీకి వ్రాసికొనవచ్చును. చందా బాకీనుబట్టి ప్రభువు బల్లనుండి ఎవరిని త్రోసివేయరాదని సభ ఆ దినమే తీర్మానించెను. "అయ్యగారిమీద నమ్మకము లేకనా యిదంతయు?" అని యొక పెద్ద అడిగిరి. నమ్మకము లేకపోవుటచేత కాదు. అపొస్తలుడైన పౌలు చందా మోసికొనిపోవునప్పుడు, నిందకు చోటుండకూడదని సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకొనెను (2 కొరింథీయులకు 8:18–21). పౌలునకు అవసరమైనది మాకు అవసరము కాదా?

ప్రియులారా, మీరును ఆలోచించుడి. మీ గృహములో కట్టడ చేయువాడును, నేరము మోపువాడును, దండించువాడును ఇంటి యజమానుడే యైనప్పుడు, భార్య మాట వినువాడెవడు? బిడ్డ మాట వినువాడెవడు? ఒక మనుష్యుని మాట వినకయే అతనికి తీర్పు తీర్చుట ధర్మశాస్త్రమా యని నీకొదేము అడిగెను (యోహాను 7:51). ఆ ప్రశ్నను మన యిండ్లలోనికి తెచ్చుకొందము.

ఎన్నికలు వచ్చినప్పుడు, అంతయు ఆయనే చూచుకొనును, ఆయన మాటే చట్టము, అని యే నాయకునినిగూర్చియు చెప్పకుడి. అట్టి స్తుతి మనుష్యునికి తగదు, ఆయనకే ఉరియగును. వోటు వేయుడి, అధికారులకొరకు ప్రార్థింపుడి, న్యాయమూర్తులు భయపడకుండునట్లు ప్రత్యేకముగా ప్రార్థింపుడి. అన్యాయము జరిగినప్పుడు అధికారి చీటీయే కడపటి మాట యని కృంగిపోకుడి. పౌలు కైసరు ఎదుట చెప్పుకొందునని అడుగుటకు సిగ్గుపడలేదు. కోర్టు ఖర్చు పెట్టుకొనలేని స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, చెరలోనున్నవారికి 1987 నాటి న్యాయసేవల చట్టము చొప్పున ఉచితముగా వకీలును ఇచ్చెదరు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అడుగవచ్చును. ఈ మాట తెలియని పొరుగువారికి తెలియజేయుడి.

కడపటి మాట. మూడు పదవులును ఒక్కని చేతిలో చేరుట మనకు భయము. యెషయాకు ఎందుకు సంతోషము? ఆయన చూచిన రాజు అహాబువంటివాడు కాడు. అహాబు పేదవాని తోట తీసికొనుటకు అతని ప్రాణము తీసెను. మన రాజు మనకు స్వాస్థ్యమిచ్చుటకు తన ప్రాణము పెట్టెను. అబద్ధసాక్షుల యెదుట నిలిచెను. ఈయనయందు ఏ దోషమును లేదని ముమ్మారు పలికి, జనులకు జడిసి అప్పగించిన పిలాతు న్యాయపీఠము ఎదుట నిలిచెను. తీర్పు తీర్చువాడు తీర్పునకు లోనాయెను. చట్టమిచ్చినవాడు చట్టపు శాపమును మోసెను. రాజు ముండ్లకిరీటము ధరించెను. గాయపడిన ఆ చేతులలో మూడు పదవులును క్షేమముగా నున్నవి. మరి యే చేతిలోను క్షేమముగా నుండవు. మా చేతిలో అసలే నుండవు.

ప్రార్థన: న్యాయాధిపతివియు, శాసనమిచ్చువాడవును, రాజువునైన ప్రభువా, మా దేశములో చట్టము చేయువారికి జ్ఞానమును, పరిపాలించువారికి వినయమును, తీర్పు చెప్పువారికి ధైర్యమును దయచేయుము. మా సంఘములలోను గృహములలోను నీ స్థానమున కూర్చుండ చూచు గర్వమునుండి మమ్మును తప్పింపుము. గుమ్మము దగ్గర కూర్చున్నవారి మొఱ వినుటకు మాకు చెవులిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.